ఎదకాలంలో జింక వేటకు ఎక్కడికి వెళ్లాలి? వేన్ నేషనల్ ఫారెస్ట్, ఏథెన్స్ యూనిట్ మీద నా రివ్యూ

సొంత పొలం లేదు. పొలం ఉన్న రైతుతో పరిచయం లేదు. లీజుకి వేలు పోసే ఉద్దేశం అసలే లేదు. ఉండేది ఒహాయోలో, కొలంబస్ చుట్టుపక్కల. నవంబర్ మొదటి రెండు వారాల్లో, జింకల ఎదకాలం ఊపందుకున్నప్పుడు, విల్లుతోనో క్రాస్‌బోతోనో (తుపాకీలా గురిపెట్టి మీట నొక్కితే బాణం వదిలే విల్లు) తెల్లతోక జింక కోసం మాటు వేయాలి. ఈ పరిస్థితిలో ఉన్నవాళ్లు ఎవరడిగినా నేను చెప్పే పేరు ఒకటే: వేన్ నేషనల్ ఫారెస్ట్‌లో ఏథెన్స్ యూనిట్. టికెట్ లేదు, ముందుగా పేరు రాయించుకోవడం లేదు, లాటరీ లేదు. రాష్ట్రం ఇచ్చే వేట లైసెన్సు, జింక పర్మిట్ ఉంటే చాలు. అయిదుకి నాలుగు ఇస్తాను. ఆ ఒక్కటి ఎందుకు తగ్గించానో కింద వివరంగా చెబుతాను, ఎందుకంటే అది కొంతమందికి అసలు వెళ్లాలా వద్దా అన్నదే తేల్చేస్తుంది.

నేను ఫార్మసిస్టుని. వారాంతాల్లోనూ, నవంబర్‌లో దాచుకున్న సెలవుల్లోనూ వేటకి వెళ్తాను. క్రాస్‌బో పట్టుకోవడం మా పక్కింటి పెద్దాయన దగ్గర నేర్చుకున్నాను. మా ఆయన వేటకి రారు గానీ, ఇంటికి తెచ్చిన మాంసం కోసి, పొరలు తీసి, ప్యాకెట్లు కట్టేదంతా ఆయనే. ఏడాది పొడవునా మా ఇంట్లో కీమా, వేపుడు, పులుసు అన్నీ దాంతోనే. ఇది చదివి ఎవరికైనా ఇబ్బందిగా అనిపిస్తే అర్థం చేసుకోగలను. మన దేశంలో 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక జింక మీద చెయ్యి వేస్తే జైలే, అది న్యాయమే కూడా. ఇక్కడి కథ వేరు. 1900ల తొలినాళ్లకి ఒహాయోలో జింకలు దాదాపు కనపడకుండా పోయాయి. తర్వాత మళ్లీ తెచ్చి పెంచారు, ఇప్పుడు ఏటా 2 లక్షలకి పైగా జింకల్ని వేటాడినా తరగనంతగా ఉన్నాయి. ఎన్ని కొట్టవచ్చో కౌంటీ వారీగా ప్రభుత్వమే నిర్ణయిస్తుంది. కొమ్ముల జింక మాత్రం మనిషికి ఏడాదికి ఒక్కటే.

అడవి సంగతికి వచ్చే ముందు ఎదకాలం గురించి నాలుగు మాటలు చెప్పాలి, లేకపోతే ఈ అడవి ఎందుకు మంచిదో తెలియదు.

ఎదకాలం ఎప్పుడు రావాలో నిర్ణయించేది చలి కాదు, వెన్నెల కాదు. పగటి వెలుతురు తగ్గుతూ రావడం. అందుకే ఇక్కడ ఏ ఏడాదైనా ఎక్కువ శాతం ఆడజింకలు నవంబర్ మధ్యలోనే చూలు కడతాయి. సుమారు 200 రోజులు మోసి మే చివర్లో, జూన్ మొదట్లో ఈనుతాయి. చలిగాలి వీస్తే మగజింకలు పగటిపూట ఎక్కువ తిరుగుతాయి, ఎండ కాస్తే రాత్రిళ్లు తిరుగుతాయి. తేడా అంతే, తేదీ మారదు. టెక్సాస్‌లో ఉన్న తెలుగువాళ్లకి ఈ తేదీలు పనికిరావు. అక్కడ ప్రాంతాన్ని బట్టి సెప్టెంబర్ చివరి నుంచి డిసెంబర్ చివరి దాకా మారుతుంది, దక్షిణ టెక్సాస్‌లో క్రిస్మస్ దగ్గర పడ్డాక గానీ ఊపందుకోదు. ఇక్కడ మాత్రం అక్టోబర్ చివరి వారం నుంచి నవంబర్ 10, 12 దాకా మగజింక ఆడజింక కోసం వెతుకుతూ తిరిగే రోజులు. నాకు అన్నిటికంటే ఇష్టమైనవి ఆ రోజులే. ఆ తర్వాత అది ఒక ఆడజింకని పట్టుకుని ఏ మారుమూల పొదలోనో ఒకటి రెండు రోజులు కదలకుండా ఉండిపోతుంది. అప్పుడు అడవంతా ఖాళీ అయినట్టు ఉంటుంది. ఒక్కో ఆడజింక మగజింకని దగ్గరికి రానిచ్చేది సుమారు ఒక రోజు. అప్పుడు చూలు కట్టకపోతే దాదాపు 28 రోజుల తర్వాత మళ్లీ ఎదకి వస్తుంది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, చోటు ఎంచుకోవడంలో ఎక్కువమంది మగజింకని వెతుకుతారు. కొమ్ములతో బెరడు రుద్దిన చెట్టు, కాలితో గీరిన నేల కనబడగానే అక్కడే మంచె కడతారు. మొన్న అక్టోబర్‌లో మా ఊరి తమ్ముడొకడు ఫోన్ చేశాడు.

“అక్కా, నా తొడంత లావు చెట్టుని రుద్దేసింది. పెద్దదే అయ్యుంటుంది. అక్కడే కూర్చోనా?”

“వద్దు తమ్ముడూ. అది అక్టోబర్ మాట. నవంబర్‌లో అది అక్కడ ఉండదు. ఆడజింకలు ఎక్కడ పడుకుంటున్నాయో అది వెతుకు. అక్కడికి పోవడానికి మగజింక ఏ దారిన వస్తుందో అది వెతుకు.”

ఆడజింకలు పిల్లలతో, అక్కచెల్లెళ్లతో కలిసి ఒక చిన్న పరిధిలోనే ఏడాదంతా ఉంటాయి. ఎదకాలం వచ్చినా వాటి అడ్డా పెద్దగా మారదు. మగజింక మాత్రం తన మామూలు పరిధి దాటి, ఒక ఆడజింకల గుంపు నుంచి ఇంకో గుంపుకి, అక్కడి నుంచి మరో దానికి పగలు కూడా తిరుగుతుంది. కాబట్టి మంచి చోటు అంటే రెండు గుంపుల మధ్య అది తప్పనిసరిగా దాటాల్సిన ఇరుకు. ఏథెన్స్ యూనిట్ అలాంటి ఇరుకులతో నిండి ఉంది. నా రివ్యూలో అసలు మాట ఇదే.

ఇక నేల ఎలా ఉంటుందో చూద్దాం. కొలంబస్ నుంచి యూఎస్ 33 పట్టుకుని లాంకాస్టర్, లోగన్ దాటితే నెల్సన్‌విల్ వస్తుంది. 60 మైళ్ల పైచిలుకు, గంటంపావు ప్రయాణం. లాంకాస్టర్ దాకా చదునుగా మొక్కజొన్న, సోయా పొలాలు. అది దాటగానే అపలాచియన్ గుట్టలు మొదలవుతాయి. ఎత్తైన కొండలేమీ కావు, కానీ నిటారు వాలు, సన్నటి శిఖరం, మళ్లీ వాలు, అడుగున వాగు. ఇలాగే మైళ్ల కొద్దీ. ఒకప్పుడు ఇదంతా బొగ్గు గనుల దేశం. చెట్లు నరికేశారు, దున్నారు, తవ్వారు, నేల పాడయ్యాక వదిలేసి పోయారు. 1930లలో ఆ వదిలేసిన భూముల్ని ఫెడరల్ ప్రభుత్వం కొనడం మొదలుపెట్టి అడవిగా మార్చింది. ఒహాయోలో ఉన్న నేషనల్ ఫారెస్ట్ ఇదొక్కటే. ఏథెన్స్, మారియెటా, ఐరన్‌టన్ అని మూడు ముక్కలు, మొత్తం 2 లక్షల 40 వేల ఎకరాలకి పైగా.

గనుల చరిత్ర వేటగాడికి ఎందుకు అంటారేమో. చాలా ఉపయోగం. గుట్ట పక్కని గీసి బొగ్గు తీసిన చోట ఇప్పటికీ నిట్టనిలువు రాతి గోడలు మిగిలి ఉన్నాయి. హైవాల్ అంటారు. కొన్ని రెండంతస్తుల ఎత్తుంటాయి, గుట్ట చుట్టూ చాలా దూరం సాగుతాయి. జింక ఆ గోడ ఎక్కలేదు, దిగలేదు. గోడ ఎక్కడ ముగుస్తుందో ఆ కొస దగ్గర చుట్టు తిరిగి వెళ్లాల్సిందే. గోడ కింద ఒక చదును మెట్టు ఉంటుంది, జింకలు ఆ మెట్టు వెంటే నడుస్తాయి. ఎత్తు రేఖలున్న మ్యాపులో ఆ రేఖలు ఒకదాని మీద ఒకటి పడి నల్లటి గీతలా కనిపించే చోటు వెతకండి. దాని రెండు కొసలు గుర్తు పెట్టుకోండి. నాకు నచ్చిన చోట్లలో సగం ఇలా మ్యాపులో దొరికినవే. వెళ్లి చూస్తే ఆ కొస దగ్గర ఆకుల్లో కాలిదారి తొక్కి తొక్కి నల్లగా, పల్లంగా కనిపిస్తుంది.

రెండోది కనుమలు. పొడుగ్గా సాగే గుట్ట శిఖరం ఒకచోట కాస్త కిందికి దిగి మళ్లీ లేస్తుంది. ఒక లోయలోంచి ఇంకో లోయలోకి పోవాల్సిన మగజింక, ఆడజింక వాసన కోసం గంటల తరబడి నడుస్తున్నది, అనవసరంగా ఎత్తు ఎక్కదు. ఆ పల్లంలోంచే దాటుతుంది. వేన్‌లో కనుమ లేని గుట్ట అరుదు, అందుకే ప్రతి కనుమా మంచిది కాదు. రెండు పక్కలా ఆడజింకలు పడుకునే దట్టమైన పొదలు ఉన్నదే మంచిది. పొదలు ఇక్కడ ఎక్కడుంటాయంటే, కొన్నేళ్ల కిందట చెట్లు కొట్టి వదిలేసిన చోట, గనులు పూడ్చిన చోట. గనుల భూమిని బాగుచేయడానికి ఒకప్పుడు ఆటమ్ ఆలివ్ అనే మొక్కని నాటారు. అది ఇప్పుడు మనిషి దూరలేనంతగా అల్లుకుపోయింది. దానికి తోడు ముళ్ల తీగలు, అడవి గులాబీ. అడవి ఆరోగ్యానికి ఆ మొక్క మంచిది కాదు, కానీ ఆడజింకకి అంతకంటే మంచి పడక లేదు.

మూడోది గాలి. దీన్ని అర్థం చేసుకోకపోతే పై రెండూ వృథా. నవంబర్‌లో చలిగాలి వచ్చాక ఎక్కువ రోజులు గాలి పడమర నుంచో వాయవ్యం నుంచో వీస్తుంది. అప్పుడు గుట్టకి తూర్పు, ఆగ్నేయ వాలు గాలి మరుగున ఉంటుంది. మగజింక ఆ మరుగు వాలులో, శిఖరానికి కొంచెం కిందుగా, పై మూడో వంతులో నడుస్తుంది. శిఖరం మీదుగా వచ్చే గాలి అవతలి వైపు ఏముందో చెబుతుంది. పొద్దెక్కాక లోయలోంచి వెచ్చబడి పైకి లేచే గాలి కింద ఏముందో చెబుతుంది. ఒకే చోట నడుస్తూ రెండు పక్కలా వాసన చూసుకుంటుంది. మనం కూర్చోవాల్సింది ఆ నడకకి కొంచెం పైనో, పక్కనో, మన వాసన దాని ముక్కుకి తగలకుండా పోయే చోట. సాయంత్రం ఇది తిరగబడుతుంది. చల్లబడిన గాలి వాలు వెంట కిందికి జారుతుంది. పొద్దున బాగున్న చెట్టు సాయంత్రానికి మన వాసనంతా లోయలోకి పంపిస్తుంది. అందుకే నేను పొద్దున గుట్ట పైభాగంలో, సాయంత్రం కిందుగా కూర్చుంటాను. లోయ అడుగున వాగు దగ్గర మాత్రం ఎప్పుడూ కూర్చోను. అక్కడ గాలి సుడులు తిరుగుతుంది, ఏ దిక్కూ నమ్మలేం. చేతిలో మిల్క్‌వీడ్ మొక్క దూది (మన జిల్లేడు దూది లాంటిది) గానీ, పౌడర్ డబ్బా గానీ ఉంచుకుని అప్పుడప్పుడూ కొంచెం వదిలి చూడండి, ఎటు పోతుందో కళ్లతో కనబడుతుంది.

ఆ నెలలో పొద్దున్నే కూర్చుని పది కాగానే దిగిపోవద్దు. మామూలు రోజుల్లో అది సరే. ఎదకాలంలో పది నుంచి రెండు మధ్య, మిగతా వేటగాళ్లంతా బండి దగ్గర శాండ్‌విచ్ తింటున్నప్పుడు, ముసలి మగజింకలు దర్జాగా తిరుగుతాయి. నేను పులిహోర డబ్బాలో పెట్టుకుని, చప్పుడు చేసే కవర్లేవీ లేకుండా, చీకటి పడేదాకా చెట్టు మీదే ఉంటాను. నడుం పట్టేస్తుంది, కాళ్లు గడ్డకడతాయి. ఓర్చుకోవాలి.

ఇప్పుడు ఆ తగ్గించిన నక్షత్రం సంగతి.

మ్యాపులో పచ్చగా కనిపించేదంతా ఒకే అడవి అనుకోకండి. ఏథెన్స్ యూనిట్ ముక్కలు ముక్కలుగా ఉంటుంది. ప్రభుత్వ భూమి, పక్కనే ఎవరిదో సొంత భూమి, మళ్లీ ప్రభుత్వ భూమి. సరిహద్దు చెట్లకి ఎర్ర రంగు పూత ఉంటుంది గానీ చీకట్లో కనపడదు. ఒహాయోలో సొంత భూమిలో వేటాడాలంటే యజమాని రాతపూర్వక అనుమతి కావాలి. బాణం తగిలిన జింక గీత దాటి పడినా, దాన్ని తెచ్చుకోవడానికి కూడా అడిగే వెళ్లాలి. బాగా తగిలిన జింక కూడా వంద గజాలు పరుగెత్తి పడిపోవడం మామూలే. అందుకని నేను సరిహద్దుకి కనీసం రెండొందల గజాలు లోపల ఉన్న చోట్లే చూస్తాను. ఈ లెక్క వేస్తే చిన్న ముక్కలన్నీ ఎగిరిపోతాయి, మ్యాపులో మిగిలేది సగమే. మిగిలినవి చాలు.

రెండో ఇబ్బంది మోటారు బళ్లు. మండే క్రీక్ ప్రాంతంలో ఏటీవీలకీ (మట్టిదారుల్లో నడిపే నాలుగు చక్రాల చిన్న బళ్లు), డర్ట్ బైకులకీ 70 మైళ్లకి పైగా దారులున్నాయి. అవి ఏప్రిల్ మధ్య నుంచి డిసెంబర్ మధ్య దాకా తెరిచే ఉంటాయి. అంటే మన ఎదకాలం మొత్తం. శనివారం పొద్దున తొమ్మిదింటికి చెట్టు మీద ప్రశాంతంగా ఉన్నామనుకునేలోపు గుట్ట అవతల ఇంజన్లు మొదలవుతాయి. ఆ దారులు వాళ్లకోసం వేసినవి, వాళ్లు పర్మిట్ కొనుక్కుని వస్తారు, తప్పు పట్టడానికి లేదు. జింకలు కూడా ఆ చప్పుడుకి అలవాటు పడి, దారికి ఒక గుట్ట అవతల మామూలుగానే తిరుగుతాయి. కానీ నాకు చెవి ముఖ్యం. ఎండుటాకుల్లో అడుగుల చప్పుడు వినపడకపోతే సగం వేట పోయినట్టే. కాబట్టి ఫారెస్ట్ సర్వీస్ ఉచితంగా ఇచ్చే మోటారు దారుల మ్యాపు ముందే తీసుకుని, ఆ ప్రాంతం వదిలేసి మిగతా వాటిలో వెతకండి. వారం మధ్యలో సెలవు పెట్టగలిగితే ఆ గొడవే లేదు.

మూడోది జింకని మోసుకురావడం. ఈ మాట ఎవరూ ముందు చెప్పరు. పెద్ద మగజింక పొట్ట శుభ్రం చేశాక కూడా 60, 70 కిలోలు ఉంటుంది. మనం బండి ఆపింది గుట్ట మీది రోడ్డు పక్కన, జింక పడింది లోయలో. నిటారు వాలులో తడి ఆకుల మీద అంత బరువు పైకి లాగడం ఆషామాషీ కాదు. నేను ఒంటరిగా వెళ్లే రోజుల్లో బండి కిందుగా ఆపగలిగే చోట్లే ఎంచుకుంటాను, జింకని కిందికి దింపుకోవచ్చని. ప్లాస్టిక్ స్లెడ్ ఒకటి, గట్టి తాడు ఒకటి బండిలో ఉంటాయి. గుండె జబ్బు ఉన్నవాళ్లు, మోకాళ్లు సరిగా లేనివాళ్లు తోడు లేకుండా ఇక్కడికి రావద్దు. ఫార్మసీ కౌంటర్ వెనక రోజూ ఆ మందులు ఇచ్చే మనిషిగా ఈ మాట గట్టిగానే చెబుతున్నాను.

హైవాల్ గురించి పైన మెచ్చుకున్నాను, అదే చీకట్లో ప్రాణం తీస్తుంది. తెల్లవారకముందు నడిచే దారిని పగలు ఒకసారి నడిచి చూడకుండా వెళ్లకండి. పాత గని నోళ్లు కనిపిస్తే దగ్గరికి పోవద్దు. కొన్ని వాగుల్లో నీళ్లు నారింజ రంగులో ఉంటాయి, గనుల్లోంచి వచ్చే ఆమ్లం, ఇనుము వల్ల. వడపోసుకుని తాగుదాం అనుకోకుండా నీళ్లు ఇంటి నుంచే తెచ్చుకోండి. లోయల్లో ఫోన్ సిగ్నల్ చాలాచోట్ల ఉండదు. మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, ఎక్కడ కూర్చుంటున్నారో ఇంట్లోవాళ్లకి చెప్పి బయల్దేరండి. మంచెకి ఎక్కేటప్పుడు, కూర్చున్నప్పుడు, దిగేటప్పుడు ఒళ్లంతా పట్టే హార్నెస్ తీయకూడదు. చెట్లకి మేకులు కొట్టకూడదు, బెల్టుతో కట్టే మంచెలే వాడాలి. నవంబర్‌లో కూడా గోమార్లు ఉంటాయి. చలికదా అని వదిలేయకుండా ఇంటికొచ్చాక ఒళ్లంతా చూసుకోండి, లైమ్ జబ్బు అంటించేవి అవే.

మరో సంగతి. 2025 వేసవి చివర్లో ఈహెచ్‌డీ అనే వైరస్ జబ్బు ఆగ్నేయ ఒహాయోని గట్టిగా తాకింది. నుసుములు కుట్టడం వల్ల జింకకి వచ్చేది, మనుషులకి రాదు. ఏథెన్స్, మెయిగ్స్, వాషింగ్టన్ కౌంటీల్లో చాలా జింకలు వాగుల పక్కన చచ్చి పడ్డాయి. రాష్ట్రం అక్కడ వేట పరిమితి కూడా తగ్గించింది. మంచు పడగానే నుసుములు పోతాయి, జబ్బు ఆగుతుంది, మందలు కొన్నేళ్లలో కోలుకుంటాయి. ఈలోగా నేను చేసేది, ఏథెన్స్ కౌంటీ వదిలి అదే యూనిట్‌లో హాకింగ్, పెర్రీ కౌంటీల వైపు ఉన్న ముక్కల్లో వెతకడం. దెబ్బ తిన్న మందలో ఆడజింకని కొట్టడం నాకు మనసొప్పదు, పరిమితి ఒప్పుకున్నా సరే. ప్రతి సీజన్‌కీ కౌంటీ పరిమితి మారుతుంటుంది, ఆ ఏటి నిబంధనల పుస్తకం చూడకుండా బయల్దేరకండి.

“ఇంత దూరం ఎందుకు, డెలావేర్ వైల్డ్‌లైఫ్ ఏరియా అరగంటలో ఉంది కదా” అని అడిగేవాళ్లుంటారు. అవును, దగ్గర. జింకలు కూడా బాగానే ఉంటాయి, పక్కనే పొలాలు కాబట్టి ఒళ్లు పట్టి ఉంటాయి. కానీ డెలావేర్‌లోనూ, దక్షిణాన ఉన్న డీర్ క్రీక్‌లోనూ వేటగాళ్ల కోసం రాష్ట్రం ఫెజంట్ పక్షుల్ని వదులుతుంది. ఆ పక్షుల సీజన్ తెరిచేది నవంబర్ మొదట్లోనే, సరిగ్గా మనకి కావాల్సిన రోజుల్లో. ఆ వారాంతంలో అక్కడ తిరనాళ్లలా ఉంటుంది. కుక్కలు, తుపాకులు, నారింజ చొక్కాలు, పొలాల్లో వరసగా నడిచే మనుషులు. చెట్టు మీద విల్లు పట్టుకుని కూర్చున్న మనిషికి అక్కడ పని లేదు. అక్టోబర్‌లో ఆడజింక కోసం అయితే అవి మంచివే.

వింటన్ కౌంటీలో జాలెస్కీ స్టేట్ ఫారెస్ట్ కూడా నాకు ఇష్టం. వేన్ లాంటి గుట్టలే, భూమి మాత్రం ఇంత ముక్కలుగా ఉండదు. ఏథెన్స్ కంటే ఇంకాస్త దూరం ప్రయాణం. సరిహద్దుల టెన్షన్ పడలేని కొత్తవాళ్లు అక్కడ మొదలుపెడితే బాగుంటుంది. లేక్ హోప్ స్టేట్ పార్కు దాని మధ్యలో ఉంది, పార్కు హద్దుల్లో నిబంధనలు వేరు కాబట్టి మ్యాపు చూసుకోండి.

లీజు గురించి కూడా రాయాలి, ఎందుకంటే మనవాళ్లు చాలామంది డబ్బు పెడితే పని అయిపోతుందనుకుంటారు. ఒక ఏడాది నేను వేరే కౌంటీలో సీజన్ లీజు తీసుకున్నాను. ఎనభై ఎకరాలు, నలుగురం అన్నారు. నవంబర్ మొదటి శనివారం నాడు వెళ్తే గేటు దగ్గర ఏడు బళ్లున్నాయి. ప్రతి ఒక్కరి చేతిలో లీజు కాగితం ఉంది. డబ్బు తిరిగి రాలేదు. అంత చిన్న చోట అంతమంది తిరిగితే ఆడజింకలు రెండు రోజుల్లో ఆ భూమి వదిలేస్తాయి, వాటి వెనక మగజింకలూ పోతాయి. లీజు తీసుకుంటే మొత్తం ఎంతమంది అన్నది కాగితం మీద రాయించుకోండి. పబ్లిక్ భూమిలో కనీసం ఎవరైనా వస్తారని ముందే తెలుసు, దానికి తగ్గట్టు చోటు చూసుకుంటాం.

ఆ చోటు చూసుకోవడం గురించి చివరిగా ఒక మాట. వేన్‌లో అందరూ రోడ్డుకి దూరంగా, లోపలికి, ఇంకా లోపలికి పోవాలనుకుంటారు. చాలామంది అరమైలు దగ్గరే ఆగిపోతారు. కొందరు పట్టుదలగా రెండు మైళ్లు పోతారు. ఆ రెంటికీ మధ్యా, లేదంటే బండి ఆపే చోటుకి మరీ దగ్గరగా ఉండి ఎవరూ తల తిప్పి చూడని ముళ్ల డొంకల్లోనూ నాకు జింకలు ఎక్కువ కనిపించాయి. రోడ్డుకి, నిటారు గుంటకి మధ్య ఇరుక్కున్న సన్నటి ముక్క ఒకటుంది. ఎక్కడో చెప్పను, మన్నించండి. అందరూ దాన్ని దాటుకుని లోపలికి పోతారు. వాళ్ల అలికిడికి కదిలిన జింకలు అక్కడికే వచ్చి పడుకుంటాయి. అలాంటివి మీకూ దొరుకుతాయి. అక్టోబర్‌లో ఒక శనివారం వేట మానేసి, బండ్లు ఎక్కడెక్కడ ఆగుతున్నాయో చూడండి.

తిరిగి వచ్చేటప్పుడు నెల్సన్‌విల్‌లో ఆగండి. రాకీ బూట్ల కంపెనీ 1932లో పుట్టింది అక్కడే, ఊరి మధ్యలో వాళ్ల షాపు ఉంది. ఈ గుట్టల్లో తడవని, జారని బూటు లేకుండా నవంబర్ గడవదు. ఫారెస్ట్ ఆఫీసు నెల్సన్‌విల్‌కి, ఏథెన్స్‌కి మధ్య యూఎస్ 33 పక్కనే ఉంటుంది. శని, ఆదివారాలు కాని రోజుల్లో వెళ్తే కాగితం మ్యాపులు దొరుకుతాయి, ఏ రోడ్డు మూసి ఉందో, ఈ మధ్య చెట్లు ఎక్కడ కొట్టారో అడిగితే ఓపిగ్గా చెబుతారు. చెట్లు ఎక్కడ కొట్టారన్నది తప్పకుండా అడగండి, పొదలు పుట్టేది అక్కడే. అడవిలో డేరా వేసుకుని 14 రోజుల దాకా ఉచితంగా ఉండవచ్చు కూడా.

ఖర్చు విషయానికొస్తే, రాష్ట్రంలో నివాసం ఉన్నవాళ్లకి వేట లైసెన్సు, జింక పర్మిట్ రెండూ కలిపి సుమారు 50 డాలర్లు. ముందు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పాసవ్వాలి. వీసా మీద ఉన్న పిల్లలు నన్ను తరచూ అడుగుతుంటారు. క్రాస్‌బో, విల్లు ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకులు కావు, కాబట్టి వాటితో మొదలుపెట్టడం తేలిక. తుపాకీ కొనాలనుకుంటే మాత్రం లాయర్‌తో మాట్లాడాకే ముందుకెళ్లండి.

నవంబర్‌లో ఒక వారాంతం పిల్లల గన్ సీజన్ ఉంటుంది. ఆ రెండు రోజులు విల్లుతో వెళ్లినా నారింజ చొక్కా తప్పనిసరి. థాంక్స్‌గివింగ్ తర్వాత సోమవారం పెద్దల గన్ వారం మొదలవుతుంది. ఆ వారం వేన్‌కి నేను వెళ్లను, మీకూ చెప్పను. గుట్ట గుట్టకీ మనుషులుంటారు, పైగా అప్పటికి మొదటి విడత ఎద అయిపోయి మగజింకలు అలసి ఉంటాయి. వెళ్లేదేదో నవంబర్ 3, 12 తేదీల మధ్య, వారం మధ్యలో, చలిగాలి వచ్చిన మరుసటి రోజు వెళ్లండి. జింక పడితే పర్మిట్ వివరాలు అక్కడే నింపి, మర్నాడు మధ్యాహ్నం పన్నెండు లోపు గేమ్ చెక్ (కొట్టిన జింకని రాష్ట్రం లెక్కలో నమోదు చేయడం) చేయించడం మర్చిపోకండి. ఫోన్‌లో హంట్‌ఫిష్ ఒహాయో యాప్ ఉంటే, సిగ్నల్ అందే చోటుకి రాగానే రెండు నిమిషాల పని.